‘అన్‌డిఫైన్డ్ మెథడ్ ఫర్ నిల్’: రైల్స్ మోడల్‌లో ఈ ఎర్రర్ మూలం పట్టుకోవడం ఎలా?

రూబీ భాషలో వెబ్ యాప్‌లు కట్టే రైల్స్‌లో పని చేసేవాళ్లకి నోమెథడ్‌ఎర్రర్, అంటే పిలిచిన మెథడ్ అక్కడ లేదనే ఎర్రర్, రోజూ కనిపించేదే. అలవాటైపోవడం వల్లే దాన్ని పూర్తిగా చదవకుండా దాటేస్తుంటారు. పేజీ ఆగిపోయింది, ఎక్కడో నిల్ (ఏమీ లేదని చెప్పే విలువ) వచ్చింది, చుక్క ముందు ఒక యాంపర్‌సండ్ (నిల్ అయితే మెథడ్‌ని పిలవకుండా దాటేయమనే గుర్తు) తగిలించి పుష్ చేసేశారు, పేజీ తెరుచుకుంది. ఆ నిల్ ఎలా వచ్చిందో మాత్రం ఎవరూ చూడలేదు. కొన్నాళ్లకి అదే నిల్ ఇంకో పేజీలోనో, నెలాఖరు రిపోర్టులోనో తేలుతుంది. ఎర్రర్ పడేది ఒకచోట, తప్పు జరిగేది ఇంకోచోట. మొదటి చోటు నుంచి రెండో చోటికి ఎలా వెళ్లాలో ఇక్కడ వరసగా చెబుతాను. కమాండ్లు, మెథడ్ పేర్లు నోటితో చెప్పుకునేటట్టే రాశాను, ఎడిటర్‌లో మామూలుగానే టైప్ చేసుకోండి.

ఉదాహరణకి ఒక కోచింగ్ సెంటర్ ఫీజుల యాప్ అనుకుందాం. మోడల్స్ (ఒక్కో డేటాబేస్ టేబుల్‌కి ప్రతినిధిగా ఉండే క్లాసులు) మూడు: బ్యాచ్, స్టూడెంట్, పేమెంట్. పేమెంట్ ఒక స్టూడెంట్‌కి చెందుతుంది, స్టూడెంట్ ఒక బ్యాచ్‌కి. రసీదు పేజీలో ‘పేమెంట్.స్టూడెంట్.బ్యాచ్.నేమ్’ అని ఒక లైను ఉంది. వందల రసీదులు బాగానే తెరుచుకుంటున్నాయి. ఒక్కదాని దగ్గర మాత్రం ‘అన్‌డిఫైన్డ్ మెథడ్ బ్యాచ్ ఫర్ నిల్’ అని వచ్చి ఆగిపోతోంది.

ముందు మెసేజ్‌ని పూర్తిగా చదవండి

ఆ మెసేజ్‌లో రెండు ముక్కలున్నాయి. ఏ మెథడ్‌ని పిలిచాం, దేని మీద పిలిచాం. చాలామంది ‘బ్యాచ్’ అనే మాట చూసి బ్యాచ్‌లో ఏదో తేడా ఉందనుకుని, బ్యాచ్‌ల టేబుల్‌లో వెతకడం మొదలుపెడతారు. అక్కడే గంట పోతుంది. మెసేజ్ చెబుతున్నది వేరు: బ్యాచ్ అనే మెథడ్‌ని నిల్ మీద పిలిచారు. అంటే ‘బ్యాచ్’కి ఎడమవైపు ఉన్నది, అంటే స్టూడెంట్, నిల్. అదే బ్యాచ్ లేకపోయి ఉంటే మెసేజ్‌లో ‘నేమ్ ఫర్ నిల్’ అని ఉండేది. మెసేజ్‌లో కనిపించే మెథడ్ పేరుకి ఎప్పుడూ ఎడమవైపు చూడండి, దొంగ అక్కడే ఉంటాడు.

‘ఫర్’ తర్వాత వచ్చే మాట ఇంకా ముఖ్యం. రూబీ 3.2 దాకా అక్కడ ‘నిల్:నిల్‌క్లాస్’ అని వచ్చేది. 2023 డిసెంబర్‌లో వచ్చిన 3.3 నుంచి ఉత్త ‘నిల్’ అనే వస్తుంది. నిల్ కాకుండా మామూలు ఆబ్జెక్ట్ అయితే ‘యాన్ ఇన్‌స్టన్స్ ఆఫ్ స్టూడెంట్’ అని క్లాస్ పేరుతో చెబుతుంది. నిల్ అని ఉంటే డేటాలో వెతకాలి. క్లాస్ పేరు ఉంటే ముందు కోడ్‌లో వెతకాలి. దారి ఇక్కడే రెండుగా చీలుతుంది కాబట్టి ఈ ఒక్క మాట చూడకుండా ముందుకి వెళ్లకండి.

రూబీ 3.1 నుంచి ఎర్రర్ హైలైట్ కూడా ఉంది. ఒకే లైనులో నాలుగు చుక్కలున్నా, ఏ పిలుపు దగ్గర ఆగిందో దాని కింద గీత గీసి చూపిస్తుంది. పాత వెర్షన్ మీద ఉంటే ఆ లైనుని విడగొట్టి ఒక్కో పిలుపునీ ఒక్కో లైనులో పెట్టండి. బ్యాక్‌ట్రేస్‌లో (ఏ పిలుపు నుంచి ఏ పిలుపుకి వచ్చిందో చూపే జాబితాలో) లైను నంబరే మీకు సమాధానం చెబుతుంది.

ఏ లైను, ఏ రికార్డు

డెవలప్‌మెంట్‌లో ఎర్రర్ పేజీ కింద అప్లికేషన్ ట్రేస్, ఫ్రేమ్‌వర్క్ ట్రేస్, ఫుల్ ట్రేస్ అని మూడుంటాయి. అప్లికేషన్ ట్రేస్ చూస్తే చాలు, అందులో మీరు రాసిన ఫైళ్లే ఉంటాయి. పై నుంచి కిందికి చదవండి. మొదటి లైను ఎర్రర్ పడిన చోటు, దాని కింది లైను దాన్ని పిలిచిన చోటు, అలా వెనక్కి వెళుతుంది. బిఫోర్ సేవ్ లాంటి కాల్‌బ్యాక్ (సేవ్ లాంటి పనికి ముందో తర్వాతో దానంతటదే నడిచే మెథడ్) లోపల ఎర్రర్ పడినప్పుడు ఈ వెనక్కి నడక చాలా పనికొస్తుంది, ఎందుకంటే కంట్రోలర్‌లో మీకు కనిపించేది ఒక్క ‘సేవ్’ మాత్రమే.

ప్రొడక్షన్‌లో అయితే లాగ్ తప్ప దిక్కులేదు. ఎర్రర్ లైను పట్టుకుని, దాని పక్కన ఉన్న రిక్వెస్ట్ ఐడీతో పైకి వెతకండి. ‘పారామీటర్స్’ అని ఒక లైను ఉంటుంది, అందులో ఐడీ దొరుకుతుంది. మన ఉదాహరణలో అది పేమెంట్ 4812 అనుకుందాం. ఆ నంబర్ రాసి పెట్టుకోండి. ‘కొన్ని రసీదులు తెరుచుకోవట్లేదు’ అనే కంప్లయింట్‌తో ఎవరూ ఏమీ కనిపెట్టలేరు. ‘4812 తెరుచుకోవట్లేదు, 4811 తెరుచుకుంటోంది’ అంటే సగం పని అయిపోయినట్టే.

కన్సోల్‌లో అదే రికార్డుని తెరవండి

రైల్స్ కన్సోల్‌ని (యాప్ మోడల్స్‌ని నేరుగా అడిగి చూసే కమాండ్ తెరని) శాండ్‌బాక్స్ ఆప్షన్‌తో తెరవండి. డేటాబేస్‌లో పొరపాటున ఏదైనా మార్చినా బయటికి రాగానే వెనక్కి పోతుంది. అయినా సరే, లైవ్ డేటాబేస్ మీద చదవడానికి తప్ప దేనికీ వాడకండి. శాండ్‌బాక్స్ అంటే తెరిచి ఉంచిన ట్రాన్సాక్షనే. అందులో ఒక రోని అప్‌డేట్ చేసి టీకి వెళితే, మీరు వచ్చేదాకా ఆ రో లాక్‌లో ఉంటుంది, అవతల ఫీజు కట్టే కౌంటర్ ఆగిపోతుంది.

ఇప్పుడు వరసగా అడగండి. పేమెంట్‌ని ఫైండ్ 4812 అని తెచ్చుకోండి. దాని మీద స్టూడెంట్ అని పిలవండి, నిల్ వస్తుంది. ఊహించిందే. తర్వాత స్టూడెంట్ ఐడీ అని కాలమ్‌ని అడగండి. ఇక్కడ వచ్చే జవాబుని బట్టి మూడు దారులున్నాయి. ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి.

మొదటి దారి: ఆ కాలమ్‌లోనే ఏమీ లేదు. పేమెంట్ సేవ్ అయినప్పుడే స్టూడెంట్ ఎవరో రాయలేదు. 2016లో వచ్చిన రైల్స్ 5 నుంచి కొత్త యాప్‌లలో బిలాంగ్స్ టు అంటే ఆ రికార్డు తప్పనిసరి. మరి ఎలా దూరింది? యాప్ అంతకంటే పాతదై, తర్వాత అప్‌గ్రేడ్ చేసి ఉంటే ఆ సెట్టింగ్ ఇంకా ఆఫ్‌లోనే ఉండొచ్చు. కాన్ఫిగ్‌లో లోడ్ డిఫాల్ట్స్ ఏ వెర్షన్ దగ్గర ఆగిందో చూడండి. లేదా ఎవరో ఎక్సెల్ షీటు నుంచి పాత ఫీజులన్నీ ఇన్సర్ట్ ఆల్‌తో ఎక్కించి ఉంటారు. ఇన్సర్ట్ ఆల్, అప్‌డేట్ కాలమ్, అప్‌డేట్ ఆల్ ఇవేవీ వాలిడేషన్లని (సేవ్‌కి ముందు మోడల్ చేసే తనిఖీలని) పట్టించుకోవు. కోడ్‌లో ఈ మూడు పేర్లూ వెతికి చూడండి. ఆ పేమెంట్ క్రియేటెడ్ యాట్ కూడా చూడండి. పాడైన రికార్డులన్నీ ఒకే రాత్రి ఒకే నిమిషంలో పుట్టి ఉంటే అది ఇంపోర్ట్ పనే.

రెండో దారి: కాలమ్‌లో 317 అని ఉంది, కానీ స్టూడెంట్ల టేబుల్‌లో 317 లేడు. మధ్యలో ఎవరో తీసేశారు. డిలీట్‌కీ డిస్ట్రాయ్‌కీ తేడా ఇక్కడ బయటపడుతుంది. డిస్ట్రాయ్ అయితే కాల్‌బ్యాక్‌లు నడుస్తాయి, డిపెండెంట్ అని మీరు రాసిన షరతులు పని చేస్తాయి. డిలీట్ నేరుగా ఎస్‌క్యూఎల్ పంపి రోని తీసేస్తుంది, వెనక ఎవరున్నారో చూడదు. డేటాబేస్‌లో ఫారిన్ కీ (అవతలి టేబుల్‌లో లేని ఐడీని ఒప్పుకోని నియమం) ఉండి ఉంటే అది అడ్డుపడేది. లేదు కాబట్టి పేమెంట్ అనాథ అయింది.

మూడో దారి: కాలమ్‌లో 317 ఉంది, టేబుల్‌లో 317 కూడా ఉన్నాడు, అయినా పేమెంట్.స్టూడెంట్ నిల్ అంటోంది. మనుషుల్ని ఎక్కువ తిప్పేది ఇదే. డేటాబేస్ టూల్‌లో రో కళ్ల ముందు కనిపిస్తుంటే, కన్సోల్ మాత్రం లేదంటుంది. ఏం చేయాలంటే, కన్సోల్ జవాబు పైన అచ్చయ్యే ఎస్‌క్యూఎల్ లైనుని చదవండి. ‘వేర్’ తర్వాత ఐడీ ఒక్కటే ఉండాలి. దాని పక్కన మీరు అడగని షరతు ఇంకోటి ఉందా? ‘యాక్టివ్ ఈజ్ ఈక్వల్ టు ట్రూ’ లాంటిది? అయితే స్టూడెంట్ మోడల్ తెరవండి, పైన డిఫాల్ట్ స్కోప్ (ఆ మోడల్ మీద ప్రతి వెతుకులాటకీ దానంతటదే చేరే షరతు) అని ఒక లైను ఉంటుంది. కోర్సు మానేసినవాళ్లు లిస్టుల్లో కనిపించకూడదని ఎవరో ఎప్పుడో పెట్టారు. అది లిస్టులకే కాదు, ఆ మోడల్‌ని చేరే ప్రతి అసోసియేషన్‌కీ (మోడల్స్ మధ్య లింకుకీ) వర్తిస్తుంది. విద్యార్థి మానేసిన రోజు నుంచి అతని పాత రసీదులన్నీ ఆగిపోతాయి. నిర్ధారణ చేసుకోవడానికి స్టూడెంట్.అన్‌స్కోప్డ్ అని, దాని మీద ఫైండ్ బై ఐడీ 317 అని అడగండి. మనిషి ప్రత్యక్షమైతే సంగతి తేలినట్టే.

ఫైండ్, ఫైండ్ బై రెండూ ఒకటి కావని గుర్తుంచుకోండి. ఫైండ్‌కి రికార్డు దొరక్కపోతే అక్కడికక్కడే రికార్డ్‌నాట్‌ఫౌండ్ అని ఆగిపోతుంది. ఫైండ్ బై నోరు మెదపకుండా నిల్ ఇచ్చేస్తుంది, ఆ నిల్ ఇంకో పది లైన్లు దాటాక బయటపడుతుంది. రికార్డు ఉండి తీరాలనుకున్న చోట ఫైండ్ వాడండి. ఐడీ కాక ఫోన్ నంబర్ లాంటి దానితో వెతుకుతుంటే, ఆశ్చర్యార్థకం ఉన్న ఫైండ్ బై వాడండి.

ఎన్ని పాడయ్యాయి?

ఒక్క 4812 కోసం కోడ్ మార్చకండి. అలాంటివి ఇంకెన్ని ఉన్నాయో లెక్క తీయండి. రైల్స్ 6.1 నుంచి వేర్.మిస్సింగ్ అని ఉంది. పేమెంట్ మీద దాన్ని పిలిచి స్టూడెంట్ అని ఇస్తే, లెఫ్ట్ జాయిన్ చేసి, స్టూడెంట్ దొరకని పేమెంట్లన్నీ తెచ్చి ముందు పెడుతుంది. డిఫాల్ట్ స్కోప్ వల్ల మాయమైనవాళ్లు కూడా ఈ లెక్కలోకే వస్తారు కాబట్టి పైన చెప్పిన మూడు రకాలనీ విడదీసి లెక్కపెట్టుకోండి. ఒకే యాప్‌లో మూడూ ఉండొచ్చు, వాటికి మందు ఒకటి కాదు.

నిల్ కాకపోతే

మెసేజ్‌లో ‘ఇన్‌స్టన్స్ ఆఫ్ స్టూడెంట్’ అని ఉంటే మనిషి ఉన్నాడు, మీరు అడిగిన మెథడ్ లేదు. స్పెల్లింగ్ తప్పైతే రూబీనే ‘డిడ్ యూ మీన్’ అని సరైన పేరు సూచిస్తుంది. 2.3 నుంచి అది రూబీతోనే వస్తోంది. పేరు సరిగ్గానే ఉండి, అది కొత్తగా చేర్చిన కాలమ్ అయితే ఆ మెషీన్ మీద మైగ్రేషన్ (టేబుల్ రూపాన్ని మార్చే ఫైలు) నడవలేదు. మైగ్రేషన్ స్టేటస్ కమాండ్ కొట్టి ‘డౌన్’ అని ఏదైనా ఉందేమో చూడండి, స్టూడెంట్ మీద కాలమ్ నేమ్స్ అని కూడా అడగండి. సర్వర్ నడుస్తుండగా మైగ్రేషన్ చేసి ఉంటే సర్వర్‌ని రీస్టార్ట్ చేయండి. ఫారంలో లేని ఫీల్డ్ పెడితే కూడా ఇదే ఎర్రర్, కాకపోతే వ్యూ లోపల పడుతుంది.

‘స్టూడెంట్ యాక్టివ్‌రికార్డ్ రిలేషన్’ అని ఉంటే మీ చేతిలో ఉన్నది ఒక్క స్టూడెంట్ కాదు, వేర్ తెచ్చిన గుంపు. చివర ఫస్ట్ అని పెడితే ఎర్రర్ పోతుంది, కానీ నిజంగా ఒక్కరే ఉండాల్సిన చోటైతే వేర్ బదులు ఫైండ్ బై రాయడమే పద్ధతి.

‘ఫర్ క్లాస్ స్టూడెంట్’ అని ఉంటే ఇన్‌స్టన్స్ మెథడ్‌ని క్లాస్ మీద పిలిచారు, మెథడ్ పేరు ముందు సెల్ఫ్ డాట్ రాయడం మరిచారేమో చూసుకోండి. ‘ప్రైవేట్ మెథడ్ కాల్డ్’ అంటే మెథడ్ ఉంది, ‘ప్రైవేట్’ అనే మాట కింద రాశారు.

‘ప్లస్ ఫర్ నిల్’ అని ప్లస్ గుర్తు కనిపిస్తే, ఖాళీగా ఉన్న అంకెల కాలమ్‌ని కూడబోయారు. బకాయికి ఫైన్ కలిపేటప్పుడు బకాయి నిల్ అయితే ఈ ఎర్రర్. అదే ఫైన్ నిల్ అయితే ‘నిల్ కాంట్ బి కోయర్స్‌డ్’ అని టైప్‌ఎర్రర్ వస్తుంది. రెండూ ఒకటే జబ్బు. ఆ కాలమ్‌కి డిఫాల్ట్ 0 పెట్టి, నల్ ఒప్పుకోకుండా చేయండి.

కన్సోల్‌లో ఇవన్నీ పరీక్షించేటప్పుడు ఒక జాగ్రత్త. మోడల్ ఫైలు మార్చాక రీలోడ్ కొట్టినా, అంతకుముందు తెచ్చుకున్న ఆబ్జెక్ట్ పాత క్లాస్‌దే. దాన్ని మళ్లీ ఫైండ్‌తో తెచ్చుకోకపోతే, సరిచేసిన మెథడ్ కూడా లేదనే చెబుతుంది.

ఇప్పుడు సరిచేయడం

ముందు ఎర్రర్‌ని టెస్టులో పుట్టించండి. మానేసిన విద్యార్థి ఒకడు, అతని పేరు మీద ఒక పేమెంట్, దాని రసీదు అడగడం. టెస్టు అదే మెసేజ్‌తో ఫెయిలవ్వాలి. వేరే మెసేజ్‌తో ఫెయిలైతే మీరు పట్టుకున్నది వేరే తప్పు.

యాంపర్‌సండ్ చుక్క వాడకం గురించి. రూబీ 2.3లో వచ్చిన ఈ సేఫ్ నావిగేషన్ మంచి పనిముట్టే. నిల్‌కి మీ వ్యాపారంలో ఒక అర్థం ఉన్నప్పుడు వాడాలి. అడ్మిషన్ అయ్యి ఇంకా బ్యాచ్ కేటాయించని విద్యార్థికి బ్యాచ్ నిల్ అవడం సబబే. అక్కడ వాడండి, స్క్రీన్ మీద ‘బ్యాచ్ ఇంకా కేటాయించలేదు’ అని రాయండి. పేమెంట్‌కి స్టూడెంట్ లేకపోవడం మాత్రం ఏ అర్థమూ లేని సంగతి. అక్కడ యాంపర్‌సండ్ పెడితే ఎవరు కట్టారో తెలియని ఖాళీ రసీదు ప్రింటవుతుంది. ఎర్రర్ కంటే అది అన్యాయం. అప్పుచేసి ఫీజు కట్టిన తండ్రికి ఆ కాగితమే రుజువు.

‘ట్రై’ జోలికి అసలు పోకండి. నిల్ అయినా నిల్ ఇస్తుంది, మెథడ్ పేరు తప్పు రాసినా నిల్ ఇస్తుంది. యాంపర్‌సండ్ చుక్క కనీసం రెండోదాన్ని దాచదు.

డిఫాల్ట్ స్కోప్ వల్ల వచ్చిన నిల్‌కి రెండు మందులున్నాయి. ఆ స్కోప్‌ని తీసేసి, ‘యాక్టివ్’ అని మామూలు స్కోప్‌గా మార్చి, లిస్టులు చూపే చోట దాన్ని పిలవడం సరైన మార్గం. యాప్ పెద్దదై, ఎక్కడెక్కడ దాని మీద ఆధారపడ్డారో తెలియకపోతే ఇప్పటికి పేమెంట్‌లోని బిలాంగ్స్ టు లైనుకి మాత్రం ‘అన్‌స్కోప్ వేర్ యాక్టివ్’ అని ఒక స్కోప్ తగిలించండి. పేమెంట్ నుంచి వెళ్లినప్పుడు మానేసినవాళ్లు కూడా కనిపిస్తారు, మిగతా యాప్ మారదు.

అయితే ఈ రసీదులో ఎర్రర్ కంటే లోతైన తేడా ఒకటుంది. ఫీజు కట్టిన రోజు విద్యార్థి ఉదయం బ్యాచ్. తర్వాత సాయంత్రం బ్యాచ్‌కి మారాడు. పాత రసీదు ఇప్పుడు తెరిస్తే ‘సాయంత్రం’ అని చూపిస్తుంది, ఎందుకంటే అది ఈ రోజు బ్యాచ్‌ని అడుగుతోంది. ఏ ఎర్రరూ పడదు, సమాచారం మాత్రం తప్పు. రసీదు, ఇన్‌వాయిస్ లాంటివి ఆ రోజు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. కాబట్టి పేమెంట్ టేబుల్‌లోనే స్టూడెంట్ పేరు, బ్యాచ్ పేరు అని రెండు కాలమ్స్ పెట్టి, డబ్బు తీసుకున్న క్షణంలోనే అందులో రాసేయండి. రసీదు అక్కడి నుంచే చదవాలి. మూడు చుక్కల గొలుసు పోతుంది, నిల్ భయం కూడా పోతుంది. నేనైతే ముందు ఈ మార్పే చేస్తాను.

పాత డేటా బాగుచేసే వరస

వరస తప్పితే చేసిన పని మళ్లీ చేయాలి. ముందు కొత్తగా పాడవకుండా కోడ్ ఆపండి: బిలాంగ్స్ టు తప్పనిసరి చేయండి, స్టూడెంట్‌లో హ్యాజ్ మెనీ పేమెంట్స్‌కి డిపెండెంట్ ‘రిస్ట్రిక్ట్ విత్ ఎర్రర్’ పెట్టండి. పేమెంట్లున్న విద్యార్థిని డిస్ట్రాయ్ చేయబోతే యాప్ ఒప్పుకోదు. ఇంపోర్ట్ స్క్రిప్టులో ఐడీ లేని లైన్లని పక్కకి తీసి రిపోర్ట్ చేయించండి. ఇది ప్రొడక్షన్‌కి వెళ్లాక, వేర్.మిస్సింగ్ లెక్క పెరగట్లేదని నిర్ధారణ చేసుకోండి.

అప్పుడు పాతవి. ఐడీ లేని పేమెంట్లకి ఒరిజినల్ షీటులోనో, పేమెంట్ గేట్‌వే రికార్డుల్లోనో ఫోన్ నంబర్ పట్టుకుని వెతకండి. తీసేసిన విద్యార్థుల వివరాలు బ్యాకప్ నుంచి తెచ్చి అదే ఐడీతో మళ్లీ చేర్చండి. దొరకనివాటన్నిటికీ ‘తెలియని విద్యార్థి’ అని ఒక్క డమ్మీ రికార్డు సృష్టించి తగిలించాలనిపిస్తుంది. వద్దు. రేపు ఆ డమ్మీ పేరు మీద లక్షల ఫీజు కట్టినట్టు రిపోర్టులో వస్తుంది. వాటిని విడిగా లిస్టు చేసి అకౌంట్స్ చూసేవాళ్లకి ఇవ్వండి, వాళ్ల దగ్గర రసీదు పుస్తకం ఉంటుంది. పేమెంట్ రికార్డుని మాత్రం డిలీట్ చేయకండి, అది డబ్బు లెక్క.

చివరిగా డేటాబేస్‌లో ఫారిన్ కీ. పోస్ట్‌గ్రెస్ వాడుతుంటే పెద్ద టేబుల్ మీద ఒకేసారి పెట్టకండి, పాత రోలన్నీ పరీక్షించేంతసేపు రాతలు ఆగిపోతాయి. మొదటి మైగ్రేషన్‌లో యాడ్ ఫారిన్ కీ, ‘వాలిడేట్ ఫాల్స్’ అని ఇవ్వండి, కొత్త రోలకి మాత్రమే వెంటనే అమలవుతుంది. రెండో మైగ్రేషన్‌లో వాలిడేట్ ఫారిన్ కీ నడపండి. స్టూడెంట్ ఐడీకి నాట్ నల్ మాత్రం ఎవరివో తేలని పేమెంట్లు ఒక్కటి కూడా మిగల్లేదని చూసుకున్నాకే పెట్టండి. రెండో మైగ్రేషన్ ఫెయిలైతే కంగారు పడనక్కర్లేదు: స్టూడెంట్ల టేబుల్‌లో ఏ ఐడీ లేదో పోస్ట్‌గ్రెస్ నంబర్‌తో సహా చెబుతుంది. ఆ నంబర్‌తో పేమెంట్లు వెతికి, పైన చెప్పినట్టే దానికో యజమానిని తెచ్చి, మైగ్రేషన్‌ని మళ్లీ నడపండి.